ఇంటి చదువుకు ఎవరిని అడగాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివించడం, అదీ అమెరికాలో. అక్కడున్న తల్లులు అడుగుతున్నారు, ఇక్కడున్న తాతయ్యలు వాళ్ళకంటే కంగారుగా అడుగుతున్నారు. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాను. ప్రతి జవాబులోనూ మళ్ళీ చెప్పక్కర్లేకుండా ఒక విషయం ముందే చెప్పేస్తాను. అమెరికాలో చదువు రాష్ట్రాల చేతిలో ఉంటుంది. హోమ్‌స్కూలింగ్ 1993 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమైంది గానీ, ఎలా చేయాలన్నది మాత్రం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. డాలస్‌లో ఉన్న మీ చెల్లెలు చెప్పిన సలహా ఫిలడెల్ఫియాలో ఉన్న మీకు పనికిరాకపోవడమే కాదు, కొంప కూడా ముంచొచ్చు. చట్టసభలు ఈ నియమాల్ని అప్పుడప్పుడూ మారుస్తుంటాయి కాబట్టి, పని మొదలుపెట్టే రోజున మీ రాష్ట్ర విద్యాశాఖ పేజీ ఒకసారి చూసుకోండి.

మా బాబు ఫోర్త్ గ్రేడ్. రోజూ ఏడుస్తూ బడికి వెళ్తున్నాడు. నేను బీటెక్ చదివాను, ఇంట్లోనే ఉంటాను, నేనే చెప్పుకుందామని స్కూల్ ఆఫీసులో అడిగితే "ఒకసారి వచ్చి కౌన్సిలర్‌ని కలవండి, ఏ పుస్తకాలు చెప్తారో తెచ్చి చూపించండి, అప్పుడు చూద్దాం" అన్నారు. వాళ్ళు ఒప్పుకోకపోతే? నాకు టీచర్ ట్రైనింగ్ లేదు కదా, కేసు అవుతుందేమోనని మావారికి ఒకటే టెన్షన్. – ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సస్

వాళ్ళు ఒప్పుకోవడం అన్న ప్రశ్నే లేదమ్మా. టెక్సస్‌లో ఇంటి బడి అంటే చట్టం దృష్టిలో ఒక ప్రైవేటు స్కూలు. పిల్లాడిని ఈ బడి మాన్పించి ఇంకో ప్రైవేటు బడిలో వేస్తే పాత బడి ప్రిన్సిపాల్ అనుమతి తీసుకుంటామా? ఇదీ అంతే.

ఈ హోదా ఊరికే రాలేదు. 1980లలో అక్కడి విద్యాశాఖ ఇంట్లో చెప్పేది బడి కిందకి రాదని పట్టుబట్టింది, తల్లిదండ్రుల మీద కేసులు పడ్డాయి. అప్పుడు కొన్ని కుటుంబాలు కలిసి 1985లో ఎదురు దావా వేశాయి. లీపర్ వర్సెస్ ఆర్లింగ్టన్ అని ఆ కేసు పేరు. కింది కోర్టు 1987లో తల్లిదండ్రుల పక్షాన తీర్పు చెబితే, 1994లో టెక్సస్ సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ తీర్పు ప్రకారం మీరు చేయాల్సింది మూడు మాటల్లో చెప్పొచ్చు. చదువు నిజంగా చెప్పాలి, బడి పేరు చెప్పి ఇంట్లో ఖాళీగా కూర్చోబెట్టకూడదు. కంటికి కనిపించే పాఠాలు, అంటే పుస్తకాలో వర్క్‌బుక్‌లో ఆన్‌లైన్ పాఠాలో ఉండాలి. రీడింగ్, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరసత్వం, ఈ అయిదూ ఉండాలి. అంతే. రిజిస్ట్రేషన్ లేదు, ఏటా పరీక్ష లేదు, రోజుకిన్ని గంటలని లేదు, టీచర్ సర్టిఫికెట్ అసలే లేదు. సైన్స్ ఆ అయిదింటిలో లేకపోయినా, బీటెక్ చదివిన తల్లి సైన్స్ వదిలేస్తుందని నేననుకోను.

అయితే మీవాడు ఇప్పటికే పబ్లిక్ స్కూల్, అంటే అక్కడి ప్రభుత్వ బడి, హాజరుపట్టీలో ఉన్నాడు. మనవాళ్ళు చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. రేపటి నుంచి పంపకపోతే సరిపోతుందనుకుంటారు. పేరు కొట్టించకుండా మాన్పిస్తే అవన్నీ గైర్హాజరు కింద పడతాయి, ఆరు నెలల్లో పది రోజులు గానీ అంతకు మించి గానీ అయితే వ్యవహారం కోర్టు దాకా వెళ్ళొచ్చు. కాబట్టి ముందు విత్‌డ్రాయల్ లెటర్ ఇవ్వండి. పిల్లాడి పేరు, పుట్టినరోజు, గ్రేడు, ఇంట్లో చదువు మొదలయ్యే తేదీ, పైన చెప్పిన అయిదు సబ్జెక్టులూ నిజాయితీగా చెబుతామన్న ఒక వాక్యం, కింద సంతకం. ప్రిన్సిపాల్‌కి ఈమెయిల్ చేసి, అదే కాగితాన్ని పోస్టాఫీసులో సర్టిఫైడ్ మెయిల్‌గా రసీదుతో పంపండి. ఆ రసీదు, లెటర్ కాపీ ఫైల్లో పెట్టుకోండి. స్వయంగా వెళ్ళి కలవాల్సిన పని లేదు, పుస్తకాలు చూపించాల్సిన పని లేదు, ఈ ముక్క టెక్సస్ విద్యాశాఖే స్కూల్ డిస్ట్రిక్ట్‌లకు, అంటే ప్రభుత్వ బడుల్ని నడిపే స్థానిక సంస్థలకు, రాసింది. కౌన్సిలర్ మంచివాడనిపిస్తే వెళ్ళి కాఫీ తాగి రండి, అది మీ ఇష్టం. కానీ ఆఫీసులో కూర్చున్నవాళ్ళు అడిగిందల్లా చట్టమే అనుకుని తలూపేయకండి. వాళ్ళకూ నియమాలు సరిగ్గా తెలిసి ఉండవు.

పిల్లాడి పాత రికార్డులన్నీ కూడా అడిగి తీసుకోండి. అడిగిన 45 రోజుల్లోపు చూపించాలని 1974 నాటి కేంద్ర చట్టం ఉంది, అది అన్ని రాష్ట్రాలకీ వర్తిస్తుంది. రేపు మళ్ళీ పబ్లిక్ స్కూల్‌కి పంపాలనిపిస్తే చేర్చుకుంటారు, కాకపోతే ఏ గ్రేడులో వేయాలో తేల్చుకోవడానికి పరీక్ష పెట్టుకునే హక్కు వాళ్ళకుంది. కాబట్టి చట్టం అడగకపోయినా పిల్లాడు చేసిన పని తేదీలు వేసి దాచండి.

నేను రిటైర్డ్ పాలిటిక్స్ లెక్చరర్‌ని. మా అమ్మాయి ఇది "పేరెంటల్ రైట్" అని ఫోన్లో వాదిస్తోంది. అమెరికా రాజ్యాంగంలో ఈ హక్కు ఎక్కడ రాసి ఉంది? నాకు కనపడలేదు. – గుంటూరు

మాస్టారూ, మీకు కనపడకపోవడం సబబే. అసలు చదువు అన్న మాటే ఆ రాజ్యాంగంలో లేదు. లేనివన్నీ పదో సవరణ ప్రకారం రాష్ట్రాలకి పోతాయి, అందుకే ఇన్ని రకాల చట్టాలు. తల్లిదండ్రుల హక్కు మాత్రం కోర్టులు పధ్నాలుగో సవరణలోని "స్వేచ్ఛ" అనే మాటలోంచి తీశాయి.

మొదటి కథ మన తెలుగు తల్లిదండ్రులకి బాగా నచ్చుతుంది. మొదటి ప్రపంచయుద్ధం అయిపోయాక నెబ్రాస్కాలో జర్మన్లంటే పడక, 1919లో ఒక చట్టం చేశారు. ఎనిమిదో తరగతి దాటని పిల్లలకి బడిలో ఇంగ్లీషు తప్ప వేరే భాష నేర్పకూడదని. రాబర్ట్ మేయర్ అనే పంతులు చర్చి బడిలో పదేళ్ళ పిల్లాడి చేత జర్మన్లో బైబిల్ కథ చదివించాడు, పట్టుకుని 25 డాలర్లు జరిమానా వేశారు. 1923లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లదంది. పిల్లలకి ఏం నేర్పించాలో నిర్ణయించుకోవడం కన్నవాళ్ళ స్వేచ్ఛలో భాగమని చెప్పింది. రెండేళ్ళకి, 1925లో ఒరెగాన్ కేసు. అక్కడ పిల్లలందరూ ప్రభుత్వ బడికే వెళ్ళాలని ఓటింగు పెట్టి మరీ చట్టం తెచ్చారు. అదీ కొట్టేశారు, బిడ్డ ప్రభుత్వం సొత్తు కాదని ఏకగ్రీవంగా. 1972లో విస్కాన్సిన్‌లోని ఆమిష్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు ఎనిమిదో తరగతి తర్వాత పిల్లల్ని బడికి పంపేది లేదంటే, వాళ్ళ మత విశ్వాసాన్ని బట్టి దానికీ ఒప్పుకున్నారు.

మీ అమ్మాయి వాదనలో ఒక్క లోపం ఉంది. ఆ 1925 తీర్పే ఇంకో మాట కూడా చెప్పింది, బడుల్ని తనిఖీ చేయడానికి, పిల్లలు ఏదో ఒక చోట చదివేలా చూడడానికి, మంచి పౌరులుగా ఉండడానికి కావలసినవి నేర్పించడానికి రాష్ట్రానికి అధికారం ఉందని. హోమ్‌స్కూలింగ్ ఫలానా రీతిలో చేసుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు నేరుగా ఎప్పుడూ తేల్చలేదు. హక్కు ఉంది, హద్దులు రాష్ట్రం గీస్తుంది. ఆ హద్దు ఎంత ఇరుకో ఎంత విశాలమో కింది ఉత్తరం చూడండి.

మావారి ఆఫీసు ప్రిన్స్‌టన్‌లో. ఇల్లు న్యూజెర్సీలో అద్దెకి తీసుకోవాలా, నది దాటి పెన్సిల్వేనియాలోనా అని చూస్తున్నాం. పిల్లలు తొమ్మిదేళ్ళు, పన్నెండేళ్ళు, టెక్సస్‌లో రెండేళ్ళుగా ఇంట్లోనే చదువుతున్నారు. అత్తయ్యగారు, మామయ్యగారు ఏటా ఆరు నెలలు వచ్చి ఉంటారు. ఇంటి చదువుకి ఏ ఒడ్డు మంచిది? – ఒక పాఠకురాలు

అద్దె, టాక్సులు నన్ను అడగలేదు కాబట్టి వాటి జోలికి పోను. చదువు సంగతి వరకు అయితే, డెలావేర్ నదికి ఇటూ అటూ రెండు వేరే దేశాలనుకోండి.

న్యూజెర్సీ చట్టం ఆరు నుంచి పదహారేళ్ళ పిల్లలు బడికి వెళ్ళాలి, లేదా "బడిలో కాక మరోచోట సమానమైన బోధన" పొందాలి అంటుంది. ఆ ఒక్క ముక్క మీదే అక్కడి ఇంటి చదువులన్నీ నిలబడ్డాయి. ముందుగా చెప్పాలని లేదు, పరీక్షలు లేవు, మీ పాఠ్యప్రణాళికని డిస్ట్రిక్ట్ ఆమోదించాలని లేదు. 1967లో పెక్వానాక్ అనే ఊళ్ళో మిసెస్ మాస్సా అనే ఆవిడ మీద కేసు పెట్టారు. ఆవిడ చదివింది హైస్కూలు వరకే, పన్నెండేళ్ళ కూతురికి ఇంట్లో తనే చెప్పుకుంటోంది. పిల్లకి తోటి పిల్లలతో కలిసే అవకాశం లేదు కదా, అది సమానమైన చదువు ఎలా అవుతుందని ప్రభుత్వం వాదన. చట్టం అడిగేది చదువులో సమానత్వమే, తోటివాళ్ళ సాంగత్యంలో కాదు అని జడ్జి ఆవిడని వదిలేశారు. చదువు సమానంగా లేదని నిరూపించే బాధ్యత చివరికి ప్రభుత్వం మీదే ఉంటుందని కూడా ఆ తీర్పులో ఉంది. "మరి పిల్లలకి నలుగురితో కలవడం ఎలా వస్తుంది" అని మిమ్మల్ని అడిగే బంధువులకి ఈ కేసు చెప్పండి, నోరు మూతపడకపోయినా కాసేపు ఆలోచిస్తారు. ఈ నియమాలు బిగించాలని రాష్ట్ర రాజధాని ట్రెంటన్‌లో బిల్లులు పెడుతూనే ఉన్నారు, అది మాత్రం గమనిస్తూ ఉండండి.

ఇప్పుడు నది అవతలికి రండి. పెన్సిల్వేనియాలో 1988 నాటి చట్టం ఉంది. పని మొదలయ్యేది అఫిడవిట్‌తో. అందులో పిల్లల పేర్లు, వయసులు, చిరునామా, ఇంగ్లీషులోనే సబ్జెక్టులు చెబుతామన్న మాట, ఒక్కో సబ్జెక్టులో ఏం నేర్పబోతున్నారో చిన్న నోటు, టీకాల కాగితాలు. చెప్పే పెద్దవాళ్ళకి కనీసం హైస్కూలు చదువు ఉండాలి, మీ డిగ్రీ చాలు. దాన్ని నోటరీ చేయించి డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్‌కి ఇవ్వాలి. మొదటి ఏడాది మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత ఏటా ఆగస్టు 1 లోపు. ఆ నోటు చూసి పేజీలకి పేజీలు నింపేవాళ్ళున్నారు, అవసరం లేదు. అందులో రాసిన లక్ష్యాల్ని పట్టుకుని మిమ్మల్ని తప్పుపట్టడానికి వీల్లేదని చట్టంలోనే రాసి ఉంది. సబ్జెక్టుకి రెండు మూడు వాక్యాలు చాలు.

మీ అత్తమామల విషయం ఇక్కడే వస్తుంది. ఇంట్లో ఉండే పెద్దవాళ్ళెవరికీ గడిచిన అయిదేళ్ళలో కొన్ని రకాల నేరాల్లో శిక్ష పడలేదని మీరు ప్రమాణం చేసి చెప్పాలి. సందర్శకుల వీసా మీద వచ్చినవాళ్ళు "ఇంట్లో ఉండేవాళ్ళ" కిందకి వస్తారా రారా అని చర్చ పెట్టుకోకండి, వాళ్ళనీ కలుపుకునే సంతకం చేయండి. వాళ్ళు సంతకం పెట్టే పని లేదు, వాళ్ళకీ విషయం ఒక మాట చెబితే పోయింది. మామయ్యగారు నవ్వుకుంటారు, అంతేగా.

ఏడాదిలో 180 రోజులు, లేదా చిన్న తరగతులకి 900 గంటలు, పెద్ద తరగతులకి 990 గంటలు. మీ చిన్నది మూడో గ్రేడులో ఉంటే ఈ ఏడే పరీక్ష ఉంటుంది. మూడు, అయిదు, ఎనిమిది గ్రేడుల్లో రీడింగ్, లెక్కల్లో స్టాండర్డ్ టెస్ట్ రాయించాలి, ఆ పరీక్ష తల్లో తండ్రో పెట్టకూడదు. చదివిన పుస్తకాల పేర్లు ఎప్పటికప్పుడు రాస్తూ, పిల్లల పని నమూనాలు కలిపి ఫైలు కట్టాలి. ఏడాది చివర అర్హత ఉన్న ఎవాల్యుయేటర్ ఒకరు పిల్లలతో మాట్లాడి, ఫైలు చూసి, చదువు జరుగుతోందని సర్టిఫికెట్ ఇస్తారు. ఫీజు మీదే. జూన్ 30 లోపు ఆ సర్టిఫికెట్ డిస్ట్రిక్ట్‌కి చేరాలి. 2014లో చట్టం మార్చాక ఫైలు డిస్ట్రిక్ట్‌కి పంపక్కర్లేదు, సర్టిఫికెట్ ఒక్కటే. అలవాటు కొద్దీ ఫైలు కూడా అడిగే ఆఫీసులు ఉంటే, మర్యాదగా ఈ సంగతి గుర్తు చేయండి. సబ్జెక్టుల జాబితాలో పెన్సిల్వేనియా చరిత్ర ఉంది, అగ్నిప్రమాదాలు జరగకుండా ఏం చేయాలో నేర్పడం కూడా ఉంది. రెండోది మర్చిపోయేవాళ్ళు ఎక్కువ. పొయ్యి దగ్గర జాగ్రత్తలు, స్మోక్ అలారం బ్యాటరీ మార్చడం, ఇంట్లోంచి బయటికి ఎలా పరుగెత్తాలో ఒక బొమ్మ గీయించడం, ఆ బొమ్మ మీద తేదీ వేసి ఫైల్లో పెట్టడం. అయిపోయింది.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతాను. పద్ధతిగా కాగితాలు రాసుకునే స్వభావం మీకుంటే పెన్సిల్వేనియాకి భయపడి ఇల్లు వదులుకోనక్కర్లేదు. కాగితమంటేనే చిరాకైతే నది ఇవతలే ఉండండి. న్యూయార్క్ వైపు మాత్రం చూడకండి, అక్కడ జులై 1కి నోటీసు, తర్వాత ఏడాది ప్రణాళిక, మూడు నెలలకోసారి రిపోర్టు, చివర మళ్ళీ పరీక్షో మదింపో ఉంటాయి.

మేము కాలిఫోర్నియాలో ఉంటాం. పాపకి చదువంతా తెలుగు మీడియంలోనే చెప్పాలని మా ఇద్దరి కోరిక. హక్కు ఉందా? – ఫ్రీమాంట్

కోరిక ముచ్చటగా ఉంది గానీ, ఆ దారిలో కుదరదు. కాలిఫోర్నియాలో ఎక్కువమంది చేసేది ప్రైవేట్ స్కూల్ అఫిడవిట్ వేయడం. ఏటా అక్టోబరు 1 నుంచి 15 లోపు ఆన్‌లైన్లో నింపుతారు, అందులో మీ బడికి ఒక పేరు పెడతారు, ప్రిన్సిపాల్ గడిలో అమ్మ పేరు, టీచర్ల సంఖ్య ఒకటి, విద్యార్థుల సంఖ్య ఒకటి. వేసినంత మాత్రాన ప్రభుత్వం మీ బడిని గుర్తించినట్టు కాదు, సమాచారం ఇచ్చినట్టు, అంతే. ప్రభుత్వ బడికి పంపక్కర్లేదన్న మినహాయింపు ఇచ్చే సెక్షన్లోనే బోధన ఇంగ్లీషులో ఉండాలని ఉంది. కాబట్టి లెక్కలు, సైన్స్, సోషల్ ఇంగ్లీషులో చెప్పండి. తెలుగుని ఒక సబ్జెక్టుగా పెట్టుకుని రోజుకి రెండు గంటలు చెప్పినా ఎవరూ వద్దనరు. హాజరుపట్టీ రాయడం మాత్రం మర్చిపోవద్దు, ఇంట్లో ఒక్కతే పిల్ల ఉన్నా సరే.

2008 ఫిబ్రవరిలో అక్కడి అప్పీలు కోర్టు ఒకటి, టీచర్ సర్టిఫికెట్ లేని తల్లిదండ్రులు ఇంట్లో చెప్పకూడదని తీర్పిచ్చి రాష్ట్రమంతా గగ్గోలు పుట్టించింది. అదే కోర్టు మళ్ళీ విచారించి ఆగస్టులో ఆ మాట వెనక్కి తీసుకుంది. ఇప్పటికీ వాట్సాప్‌లో ఆ పాత తీర్పు తిరుగుతూనే ఉంటుంది. నమ్మకండి.

హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఉన్నాను, వర్క్ పర్మిట్ లేదు. మా పాపకి ఇంట్లో చెప్తున్నాను. అపార్ట్‌మెంట్‌లో ఇంకో మూడు తెలుగు కుటుంబాలు వాళ్ళ పిల్లలకీ చెప్పమంటున్నారు, నెలకింతని ఇస్తామంటున్నారు. – ఎడిసన్, న్యూజెర్సీ

మీ పాపకి చెప్పుకోవడానికి వీసాతో సంబంధం లేదు, నిర్బంధ విద్య చట్టం పౌరులకే కాదు, అక్కడ కాపురం ఉండే అందరి పిల్లలకీ వర్తిస్తుంది. డబ్బు తీసుకుని ఇతరుల పిల్లలకి చెప్పడం మాత్రం ఉద్యోగం. వర్క్ పర్మిట్ లేకుండా చేయకూడదు, జెల్ పేలో వేసినా, చేతికిచ్చినా, చీరగా ఇచ్చినా. రేపు గ్రీన్‌కార్డు దగ్గర మెడకు చుట్టుకునే పని ఎందుకు చెప్పండి. నలుగురు తల్లులూ వంతులవారీగా తలో సబ్జెక్టు చెప్పుకుని, ఎవరి పిల్లల బాధ్యత వాళ్ళే పెట్టుకుంటే డబ్బు మాటే రాదు. అయినా మొదలుపెట్టే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి. ఇదే పని చేయబోయే వేరే రాష్ట్రాలవాళ్ళకి ఒక హెచ్చరిక. నార్త్ కరోలినాలో ఒక ఇంటి బడిలో రెండు కుటుంబాలకి మించి ఉండకూడదు, జార్జియాలో తల్లిదండ్రులు తమ సొంత పిల్లలకే చెప్పాలి.

జార్జియాలో ఉంటాం. ఇంట్లోనే చదివిస్తామన్న డిక్లరేషన్ వేశాం, అన్నీ సరిగ్గా చేస్తున్నాం. పగటిపూట పిల్లలు బయట ఆడుతుంటే పక్కింటావిడ అదోలా చూస్తోంది. ఎవరికైనా ఫోన్ చేస్తే, తలుపు కొడితే లోపలికి రానివ్వాలా? – ఆల్ఫరెటా

వారెంటు గానీ, లోపల పిల్లలకి ఆ క్షణంలో ప్రమాదం ఉందన్న కారణం గానీ లేకుండా, మీరు రమ్మంటే తప్ప ఇంట్లోకి రావడానికి అధికారులకి హక్కు లేదు. నాలుగో సవరణ మీ ఇంటి గుమ్మానికీ వర్తిస్తుంది. అలాగని తలుపు మొహాన వేయొద్దు. బయటికి వచ్చి నిలబడి, ఎవరు, ఏ ఆఫీసు, ఫిర్యాదు ఏమిటి అని అడిగి కార్డు తీసుకోండి. చదువు గురించే అయితే డిక్లరేషన్ కాపీ చూపించండి, మిగతావి రాతపూర్వకంగా అడగమనండి. మనవాళ్ళు యూనిఫామ్ చూడగానే బెదిరిపోయి రండి, కూర్చోండి, టీ తాగండి అంటారు. ఆ మర్యాదని చట్టం సమ్మతి కింద లెక్కేస్తుంది.

మీ రాష్ట్రంలో ఏటా సెప్టెంబరు 1 లోపు డిక్లరేషన్, 180 రోజులు, రోజుకి నాలుగున్నర గంటలు, మూడో తరగతి చివరి నుంచి మూడేళ్ళకోసారి పరీక్ష ఉంటాయి. ఆ ఫలితాలు మీ దగ్గరే ఉంటాయి, ఎవరికీ పంపక్కర్లేదు. ఏడాదికోసారి ప్రగతి నివేదిక రాసి మూడేళ్ళు దాచాలి. అది రాయనివాళ్ళే పక్కింటివాళ్ళకి భయపడాలి.

నేనూ మావారూ విడిగా ఉంటున్నాం. పిల్లాడు నా దగ్గర. ఇంట్లో చదివిస్తానంటే ఆయన ఒప్పుకోవడం లేదు. మా రాష్ట్రంలో హోమ్‌స్కూలింగ్‌కి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా? – ఊరు పేరు వద్దన్నారు

ప్రభుత్వం అనుమతి అక్కర్లేదు. ఆయన అనుమతి అక్కర్లేదని మాత్రం ఎవరూ అనలేదు. మీ కస్టడీ ఆర్డర్ బయటికి తీసి చదవండి. పిల్లాడు ఎవరి దగ్గర పడుకుంటాడన్నది ఒకటి, చదువు, వైద్యం లాంటి నిర్ణయాలు ఎవరు చేయాలన్నది ఇంకొకటి. రెండోది ఇద్దరికీ కలిపి ఇచ్చి ఉంటే, మీరొక్కరే మాన్పించడం కోర్టు ఆదేశాన్ని దాటినట్టే. ఒప్పందం కుదరకపోతే ఫ్యామిలీ కోర్టు తేలుస్తుంది. అక్కడ జడ్జి మీ హక్కు గొప్పదా ఆయన హక్కు గొప్పదా అని చూడరు, పిల్లాడికి ఏది మంచిదో చూస్తారు. ఇప్పటిదాకా వచ్చిన మార్కులు, బడిలో ఏం ఇబ్బంది పడ్డాడో టీచర్ల ఈమెయిల్స్, మీరు వేసుకున్న ప్రణాళిక, ఇవన్నీ చేతిలో పెట్టుకుని లాయర్ దగ్గరికి వెళ్ళండి. ఆయనతో తగాదాకి ఇంటి చదువుని ఆయుధం చేస్తున్నట్టు కనిపిస్తే మీకే నష్టం.

మా అబ్బాయి వాళ్ళు వచ్చే ఏడాది ఇండియా వచ్చేస్తున్నారు. పెద్ద మనవడికి పదమూడేళ్ళు, ఇక్కడే పుట్టాడు, ఇండియన్ పాస్‌పోర్టే. అక్కడ ఇంట్లోనే చదివాడు, ఇక్కడా అలాగే అంటున్నారు. మన చట్టం ఒప్పుకుంటుందా? టీసీ కూడా లేదు. రేపు ఇంజనీరింగ్ సీటుకి లోకల్ అవుతాడా? – కరీంనగర్

పెద్దాయనా, అసలైన ప్రశ్న మీరే అడిగారు, మీ అబ్బాయి దీన్ని ఆలోచించి ఉండడు.

మన విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పధ్నాలుగేళ్ళ పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని పదో సెక్షన్ అంటుంది. చేర్పించకపోతే వాళ్ళకి శిక్ష ఏమిటన్నది మాత్రం చట్టంలో ఎక్కడా లేదు. ఇంటి చదువు అన్న మాటా లేదు. అందుకే ఇక్కడ ఇది ఒప్పూ కాక తప్పూ కాక నడుస్తోంది. అమెరికాలోలాగా వేయడానికి అఫిడవిట్టూ ఉండదు, చూపించడానికి తీర్పూ ఉండదు. పోలీసులు వస్తారని భయం అక్కర్లేదు గానీ, హక్కుగా నిలదీసి అడగడానికీ కాళ్ళ కింద గట్టి నేల లేదు.

పధ్నాలుగు నిండేలోపు బడిలో చేర్చాలనుకుంటే టీసీ లేదని తిప్పి పంపడానికి వీల్లేదు, వయసుకి తగిన తరగతిలో చేర్చుకోవాలని నాలుగో సెక్షన్ చెబుతుంది. ఆ చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. తొమ్మిదికి వచ్చేసరికి ప్రైవేటు బడి యాజమాన్యం ఎలా అంటే అలా. ఇంట్లోనే ఉంచితే మీ దారి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అదే ఎన్ఐఓఎస్. పధ్నాలుగేళ్ళు నిండితే పదో తరగతికి చేరొచ్చు, పాత బడి కాగితం లేకపోయినా చదవగలడని స్వీయ ధ్రువీకరణ ఇస్తే సరిపోతుంది. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, చేరాక అయిదేళ్ళలో తొమ్మిది అవకాశాలు. ఆ సర్టిఫికెట్‌తో ఇంటర్‌లో చేరొచ్చు, లేదా అక్కడే పన్నెండు పూర్తి చేసి జేఈఈ రాయొచ్చు. తెలంగాణ ఓపెన్ స్కూల్ కూడా ఉంది.

లోకల్ సంగతి. రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఇంటర్ పరీక్ష దాకా వరసగా నాలుగేళ్ళు ఇక్కడి బడుల్లో చదివితే లోకల్. ఆ నాలుగేళ్ళలో మొత్తం గానీ కొంత భాగం గానీ ఏ బడిలోనూ చదవకపోతే, నాలుగేళ్ళు ఇక్కడే నివాసం ఉన్నట్టు చూపించాలి. అంటే తొమ్మిది మొదలయ్యేలోపు వచ్చి స్థిరపడాలి, ఏడాది ఆలస్యమైతే నాన్-లోకల్ అయిపోతాడు. ప్రతి ఏటి ఎప్‌సెట్ పుస్తకంలో ఆ పేజీ మళ్ళీ చూసుకోండి, మెడికల్ సీట్లకి నియమాలు ఈ మధ్య మారాయి కూడా. చిన్న మనవడు అమెరికాలో పుట్టి, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డుతో వస్తుంటే లెక్క వేరు, 2021 మార్చి 4 నోటిఫికేషన్ తర్వాత కార్డు తీసుకున్నవాళ్ళని ప్రవేశ పరీక్షల్లో ఎన్ఆర్ఐలుగానే చూస్తున్నారు.

నివాసం నిరూపించాల్సింది తహసీల్దార్ ఆఫీసులో. నాలుగేళ్ళ తర్వాత కాగితాల కోసం వెతుక్కునే కన్నా, దిగిన నెల నుంచే అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లులు, గ్యాస్ పుస్తకం అన్నీ మీ అబ్బాయి పేరు మీద ఉండేలా చూడండి. ఇల్లు మీదే అయితే, మనవడి ఆధార్‌లో మీ ఇంటి చిరునామా వచ్చిన వారంలోనే వేయించండి.